"ఆ ఫీల్డ్‌లో మనుషులే దొరకట్లేదంట": అపోహలు - వాస్తవాలు

ఉద్యోగాల లెక్కలు చూసి రిపోర్టులు రాయడం నా పని. దాంతో తెలిసినవాళ్ళూ తెలియనివాళ్ళూ అడిగేది ఒకటే, "ఫలానాదాంట్లో షార్టేజ్ ఉందంట కదా, మావాణ్ణి చేర్పించమంటారా?" అని.

అపోహ: ఇప్పుడు షార్టేజ్ ఉందంటే కోర్సు అయ్యేసరికి ఉద్యోగం రెడీ.

వాస్తవం: ఆ వార్త మీరొక్కరే విన్లేదు కదండీ! వేలమంది విన్నారు, అందరూ అదే కోర్సులో చేరారు, మూడు నాలుగేళ్ళకి అందరూ ఒకేసారి బయటికొస్తారు, అప్పటికి కంపెనీలు ఆ పనిని మెషిన్‌కి అప్పజెప్పేసి ఉండొచ్చు, అసలు డిమాండే పడిపోయి ఉండొచ్చు. పోయినేడు రేటొచ్చిందని ఊరంతా ఒకే పంట వేస్తే ఏమవుతుందో తెలిసిందేగా. ఎకనామిక్స్‌లో దీన్ని కాబ్‌వెబ్ మోడల్ అంటారు, 1976లో రిచర్డ్ ఫ్రీమన్ అనే ఆయన దీన్ని అమెరికా ఇంజనీర్లకి వాడి చూస్తే అక్కడా అదే వరస, జీతాలు పెరగ్గానే సీట్లు నిండటం, బ్యాచ్ బయటికొచ్చేసరికి జీతాలు పడిపోవడం, ఆ దెబ్బకి చేరేవాళ్ళు తగ్గి మళ్ళీ కొరత. డాట్‌కామ్ బుడగ పేలాక, అంటే ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలాక, అక్కడే కంప్యూటర్ సైన్స్‌లో చేరేవాళ్ళు బాగా తగ్గిపోయారు, కొన్నేళ్ళకి మళ్ళీ మనుషుల్లేరని గోల.

షార్టేజ్ అని ఎవరంటున్నారో కూడా చూడండి. కోర్సు అమ్ముకునేవాడు అంటే పట్టించుకోకండి. కంపెనీలు అంటే మాత్రం ఫ్రెషర్ల జీతాలు చూడండి, నిజంగా దొరక్కపోతే జీతం పెంచాలి, పని రానివాణ్ణి తీసుకుని నేర్పించాలి. రెండూ చెయ్యట్లేదంటే ఆ జీతానికి ఎవరూ రావట్లేదని అర్థం, అంతే. ఇంకోటి, ఒకే ఫీల్డ్‌లో సీనియర్లకి కొరత, ఫ్రెషర్లు మాత్రం కుప్పలు తెప్పలు, ఇది మామూలే.

ఆ మధ్య ఒకాయన అప్పు చేసి కూతురి ఫీజు కట్టేశాక ఫోన్ చేసి, పేపర్లో వచ్చిన ఖాళీల వార్త మొత్తం చదివి వినిపించారు. అన్నీ అనుభవం అడిగే పోస్టులే. ఆయన గొంతు వింటుంటే ఆ మాట చెప్పబుద్ధి కాలేదు, కానీ చెప్పకపోతే ఎలా. కోర్సు మానిపించొద్దండీ, చదువుతుండగానే ఎక్కడైనా అప్రెంటిస్‌గా పెట్టండి, అప్పుడు కనీసం ఖాళీ చేతులతో బయటికి రాదు అన్నా.

ఇక మిగతావి గబగబా.

ఖాళీలున్నా జనం ఖాళీగా ఉన్నారంటే బద్ధకమా? ఖాళీ ఒకచోట, మనిషి ఇంకోచోట, వచ్చిన పని వేరు, అడిగే పని వేరు, ఒకరికొకరు దొరకడానికే టైమ్ పడుతుంది. 2010లో డైమండ్, మార్టెన్‌సెన్, పిస్సారిడెస్ అనే ముగ్గురికి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది ఈ వెతుకులాట మీదే.

బయటివాళ్ళొస్తే మన ఉద్యోగాలు పోతాయా? 1980లో క్యూబా నుంచి జనం వచ్చిపడి అమెరికాలోని మయామీలో పనివాళ్ళు దాదాపు 7 శాతం పెరిగారు, డేవిడ్ కార్డ్ అనే ఎకనామిస్ట్ లెక్కలు తీస్తే అక్కడివాళ్ళ జీతాల మీద పెద్ద ప్రభావం కనపడలేదు. ఆ లెక్క మీద ఇప్పటికీ కొట్టుకుంటున్నారు లెండి, కానీ "ఎంతమంది వస్తే అన్ని ఉద్యోగాలు పోతాయి" అనేది మాత్రం తప్పే, వచ్చినవాళ్ళూ తింటారు, కొంటారు, అద్దెలు కడతారు.

నిరుద్యోగ రేటు తగ్గితే ఉద్యోగాలు పెరిగినట్టా? కాకపోవచ్చు. వెతికి వెతికి విసిగి మానేసినవాళ్ళు ఆ లెక్కలోకే రారు. పైగా ఐఎల్ఓ (అంతర్జాతీయ కార్మిక సంస్థ) నిర్వచనం ప్రకారం వారంలో ఒక్క గంట డబ్బుకి పనిచేసినా ఉద్యోగం ఉన్నట్టే. అందుకే రేటు ఒక్కటే చూసి సంబరపడకుండా, పనిచేసే వయసున్న మొత్తం జనంలో ఎంతమంది పనిలో ఉన్నారో కూడా చూడండి, అదే రిపోర్టులో కాస్త కిందకెళ్తే ఉంటుంది.