అమలాపురం కాలేజీ గొడవకి మూలం 1986లో ఉంది

అమలాపురం, పాలకొల్లు మెడికల్ కాలేజీల సంగతి మళ్లీ రాజుకుంది. వాటిని ప్రైవేటు భాగస్వామ్యంతో (పీపీపీ) కట్టొద్దని ఒక పక్క సంతకాలు, ధర్నాలు. ఆస్తి ప్రభుత్వానిదే, ప్రైవేటుపరం ఎక్కడిదని ఇంకో పక్క ప్రెస్‌మీట్లు. టీవీ చర్చలన్నీ సీట్ల చుట్టూ, ఫీజుల చుట్టూ తిరుగుతున్నాయి గానీ కోనసీమలోని రాజోలులో రాత్రి పదింటికి నొప్పులు మొదలైన మనిషి ఎక్కడికి పోవాలన్నది ఎవరికీ పట్టడం లేదు. నా లెక్కలో అసలు గొడవ అదే. ఆరోగ్య వ్యవస్థకి పునాది వేసిన 1946 నాటి భోర్ కమిటీ, బ్లాకుకో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) లాంటివి గ్రూప్స్ రాసే పిల్లలందరికీ కంఠతా వచ్చు కాబట్టి వాటిని వదిలేసి నేరుగా 1986కి వెళ్దాం.

ఆ ఏడాది పేరెత్తితే మన జిల్లాల్లో ఎవరికైనా ఆగస్టు గోదావరి వరదే గుర్తొస్తుంది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. అదే ఏడాది ఎన్టీఆర్ ప్రభుత్వం వైద్య విధాన పరిషత్ చట్టం తెచ్చిందన్న సంగతి మాత్రం ఆ శాఖలో పనిచేసినవాళ్లకి తప్ప పెద్దగా తెలీదు. అంతకుముందే, 1985లో, తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఆ ఊపులోనే జిల్లా ఆస్పత్రులనీ వాటి కింది ఆస్పత్రులనీ ప్రభుత్వ శాఖ నుంచి విడదీసి, స్వయంప్రతిపత్తి ఉన్న పరిషత్తుకి అప్పజెప్పారు. ప్రతి చిన్నదానికీ ఫైలు హైదరాబాద్ పోకుండా ఆస్పత్రులు తమ కాళ్ల మీద తాము నడుస్తాయన్నది ఉద్దేశం. ఉద్దేశాన్ని తప్పుపట్టలేం.

కానీ పీహెచ్‌సీలూ సబ్‌సెంటర్లూ ప్రజారోగ్య శాఖలోనే ఉండిపోయాయి. జిల్లాలో వాటికి పెద్ద జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, అంటే డీఎంహెచ్‌వో. పరిషత్తు ఆస్పత్రులకి డీసీహెచ్‌ఎస్ అని వేరే అధికారి. కాకినాడ జీజీహెచ్ లాంటి, మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉండే బోధనాసుపత్రులు వైద్య విద్యా డైరెక్టర్ (డీఎంఈ) కింద. అంటే ఒక గర్భిణి పేరు రాసుకుని, నెలనెలా బీపీ చూసి, డెలివరీ డేటు గుర్తుపెట్టుకునే సబ్‌సెంటర్ నర్సు ఏఎన్‌ఎమ్మ ఒక ఆఫీసు మనిషి. ఆవిడ తీసుకెళ్లే సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ) పరిషత్తుది, అంటే ఇంకో ఆఫీసుది, అక్కడ రిఫర్ చీటీ రాస్తే చేరే పెద్దాసుపత్రి మూడోవాళ్లది. సీహెచ్‌సీలో మత్తు డాక్టర్ సెలవులో ఉంటే ఆ సంగతి ఏఎన్‌ఎమ్మకి తెలియాల్సిన దారేమీ ఈ అమరికలో లేదు, ఆస్పత్రి గుమ్మం దగ్గరికి వెళ్లాకే తెలుస్తుంది. 2005లో 108 వచ్చాక కాకినాడకి తీసుకుపోవడం తేలికైంది, దాంతో కింద ఖాళీలు నింపాలన్న ఒత్తిడి ఇంకాస్త తగ్గిందని కూడా నా అనుమానం.

ఇక ఎంతమందికి ఏ ఆస్పత్రి ఉండాలన్న జనాభా లెక్కలు చూడండి. మైదానంలో 5,000 మందికి సబ్‌సెంటర్, 30,000 మందికి పీహెచ్‌సీ, 1,20,000 మందికి సీహెచ్‌సీ. గిరిజన, కొండ ప్రాంతాలకైతే 3,000, 20,000, 80,000. డెల్టా కాగితం మీద చక్కటి మైదానం. గోదావరి మధ్య ఉండే కనకాయలంక కాజ్‌వే మీద నీళ్లెక్కితే పడవ తప్ప దిక్కు లేదన్న ముక్క ఈ లెక్కలో ఎక్కడా పట్టదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటప్పుడు నెలలు నిండిన లంక ఆడవాళ్లని ముందే గట్టు మీదికి చేర్చాలి. ఆ జాబితాలు పట్టుకుని తిరిగేది ఏఎన్‌ఎమ్‌లు, ఆశా కార్యకర్తలు. వాళ్లని దింపాల్సిన మంచాలు మాత్రం వేరేవాళ్ల చేతిలో ఉంటాయి. చెబితే సరిపోదా అంటారు పైవాళ్లు. చెబుతూనే ఉన్నారు, ఫోన్ల మీద, మొహమాటాల మీద, తెలిసిన డాక్టరమ్మ ఉంటే ఆవిడ మంచితనం మీద.

అదే ఏడాది ఏప్రిల్ 4న జిల్లాలు చీలాయి. గోదావరి పాయ వశిష్ఠకి ఇటు కోనసీమ, అటు భీమవరం కేంద్రంగా పశ్చిమ గోదావరి. సఖినేటిపల్లి నుంచి రేవు దాటించే పంటు ఎక్కితే నరసాపురం ఎదురుగానే, కానీ జిల్లా లెక్కలో ఆ ఆస్పత్రి మనది కాదు. రాజోలు వైపు వాళ్లు దిండి, చించినాడ వంతెన దాటి పాలకొల్లు పోతారు, అదీ పక్క జిల్లానే. ప్లానేమో జిల్లాలవారీగా వేస్తారు, జనమేమో రేవుల వెంట, వంతెనల వెంట పోతారు. (యానాం ఇంకా తమాషా, ఎదుర్లంక వంతెన దాటితే మన రాష్ట్రం పోయి పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం వచ్చేస్తుంది.)

తర్వాతివి గబగబా చెప్పేస్తాను. 2019 అక్టోబరు 2న కరపలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి, వాటి వెంట విలేజ్ క్లినిక్‌లు, ఫ్యామిలీ డాక్టర్. కింది మెట్టు నిజంగానే బాగుపడింది, బీపీ, షుగర్ మందులు ఊళ్లోనే దొరికాయి. నడిమి మెట్టు, అంటే సీహెచ్‌సీలు, అలాగే ఉంది. 2023లో పరిషత్తు ఉద్యోగులను ప్రభుత్వంలో కలపాలని కేబినెట్ నిర్ణయించింది, ఇప్పుడు ఆ ఆస్పత్రులు సెకండరీ హెల్త్ డైరెక్టరేట్ కింద ఉన్నాయి. బోర్డు మారినా పీహెచ్‌సీకీ వాటికీ మధ్య గోడ పడిపోలేదు. అదే ఏడాది సెప్టెంబరు 15న రాజమహేంద్రవరం, ఏలూరుతో కలిపి ఐదు కొత్త కాలేజీలు తెరిచారు, ఒక్కోదాంట్లో 150 సీట్లు. ఆ రెండు ఊళ్లలో జిల్లా ఆస్పత్రులు బోధనాసుపత్రులై డీఎంఈ వైపు వెళ్లిపోయాయి.

కోనసీమ, పశ్చిమ గోదావరి, అసలు డెల్టా అంటే ఈ రెండే, వీటిల్లో ఒక్క ప్రభుత్వ బోధనాసుపత్రి కూడా లేదు. ఆ లోటు తీర్చాల్సినవే అమలాపురం, పాలకొల్లు. 2025 సెప్టెంబరులో కేబినెట్ పది కాలేజీలను పీపీపీలో కట్టాలని నిర్ణయించినప్పుడు ఈ రెండూ ఆ పదిలో పడ్డాయి. బడ్జెట్ మీద ఆధారపడితే ఏళ్లు పడుతుంది, పీపీపీలో త్వరగా అయిపోతాయన్నది ప్రభుత్వం మాట. పేదల ఆస్పత్రి అమ్మేస్తున్నారన్నది వైసీపీ మాట. అయితే కొత్త ప్రభుత్వ కాలేజీల్లో ఏటా 12 లక్షలకి బీ కేటగిరీ సీటు, 20 లక్షలకి ఎన్నారై సీటు పెట్టిన 107, 108 జీవోలు 2023 జూలైలో వాళ్ల హయాంలోనివే. ఆ పేజీ ఇప్పుడు ఎవరూ తిప్పడం లేదు.

కింద పనిచేసేవాళ్లు అడిగేది వేరు. అమలాపురంలో ప్రైవేటు మెడికల్ కాలేజీ ఎప్పట్నుంచో ఉంది, కాబట్టి కాలేజీ ఉన్నంత మాత్రాన రాజోలుకి మత్తు డాక్టర్ రాడని వాళ్లకి తెలుసు. రేపు బోధనాసుపత్రి వస్తే, ప్రభుత్వం కట్టినా ప్రైవేటు వాళ్లు కట్టినా, చుట్టుపక్కల సీహెచ్‌సీల స్పెషలిస్టులను డిప్యుటేషన్ మీద అక్కడికి లాగరన్న హామీ ఎవరిస్తారు? పీపీపీ అయితే అడగడానికి నాలుగో ఆఫీసు తయారవుతుంది, దానికి డీఎంహెచ్‌వో ఫోన్ చేస్తే ఎత్తాలన్న రూలేదైనా పెడతారా? ఒప్పంద పత్రాల్లో లీజు ఎన్నేళ్లు, సీట్లు ఎవరికెన్ని అన్నవాటికి పేజీలకి పేజీలు ఉంటాయి. సీహెచ్‌సీ నుంచి రాత్రి పూట రిఫర్ అయిన కేసుని మంచం లేదని తిప్పి పంపకూడదన్న షరతు, తిప్పి పంపితే పడే జరిమానా, దాన్ని వసూలు చేసే అధికారి హోదా, ఈ మూడూ రాసి ఉన్నాయా లేవా అన్నది కోనసీమ ఎమ్మెల్యేలు, ఏ పార్టీ వాళ్లయినా సరే, వచ్చే అసెంబ్లీలో అడిగి చెప్పించాలి.