చిలుకచేప తిరగలి

మాల్దీవుల ఫొటోల్లో ఇసుక నిజంగానే అంత తెల్లగా ఉంటుందా, ఫొటో తీసినవాళ్లు రంగు మార్చారా అని ఒక పాఠకురాలు అడిగారు. నిజంగానే ఉంటుంది. ఎండని చాలావరకు తిప్పికొడుతుంది కాబట్టి నల్ల ఇసుకలా అరికాళ్లని మాడ్చదు కూడా. కానీ ఆ ప్రశ్న వెనక ఇంకా పెద్ద ప్రశ్న ఉంది. అసలు అక్కడికి ఇసుక ఎలా వచ్చింది?

కొండరాయి అరిగి, నది దాన్ని మోసుకొచ్చి ఇసుక చేస్తుందని బడిలో నేర్చుకున్నాం. మాల్దీవుల్లో కొండ లేదు, నది లేదు. దాదాపు 1,200 దీవులు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం సముద్రమట్టానికి మీటరున్నర ఎత్తు మాత్రమే. పాఠం చెప్పేవాళ్లు నది దగ్గర ఆగిపోకుండా ఈ దీవుల పటం చూపించి "మరి ఇక్కడ?" అని అడిగితే, ఆ క్లాసుని పిల్లలు జన్మలో మరిచిపోరు.

జవాబు ఒక చేప కడుపులో ఉంది. నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసిన ఒళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కులాంటి నోరు. అందుకే దాన్ని చిలుకచేప అంటారు. పగడాలనే చిన్న ప్రాణులు కట్టుకున్న సున్నపు గూళ్లతో ఏర్పడ్డ పగడపు దిబ్బల మీద పొద్దస్తమానం మేస్తూనే ఉంటుంది. దాని మేత రాయి కాదు. రాతి పైన, రాతి లోపలి పొరల్లో బతికే నాచు, సయనోబాక్టీరియాలాంటి సూక్ష్మజీవులు కావాలి దానికి. వాటి కోసం రాయినే కొరికి మింగుతుంది.

ఒక తిరగలిని ఊహించుకోండి. కాకపోతే ఈ తిరగలికి ముందు ఒక ఉలి కూడా ఉంది. ఉలి అంటే ఆ ముక్కు. అది ఒక్క ఎముక కాదు, వరసలు వరసలుగా అతుక్కున్న వందల పళ్లు. ముందువి అరిగిపోతుంటే వెనకవి జరిగొస్తాయి. ఆ పళ్ల ఖనిజం పేరు ఫ్లోరపటైట్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో దాని గట్టిదనం 5. పగడపు రాయి ఆరగోనైట్ అనే ఒక రకం కాల్షియం కార్బొనేట్, దాని గట్టిదనం సుమారు మూడున్నర నుంచి 4. అంటే పోటీలో పన్నే గెలవాలి. కానీ గట్టి వస్తువు పెళుసుగా విరిగే ప్రమాదం కూడా ఉంది. దానికి విరుగుడు పంటి అల్లికలో ఉంది. సన్నటి స్ఫటికాల కట్టలు చీరలో పడుగూ పేకల్లాగా ఒకదాని మీదుగా ఒకటి సాగుతాయి. ఒకచోట పగులు మొదలైనా అడ్డంగా వెళ్లే పోగు దాన్ని ఆపేస్తుంది. 2017లో ఎక్స్-కిరణాలతో ఈ నేతని చూశారు. ఆ బొమ్మలు చూసి చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఉలి కొట్టిన ముక్క గొంతులోకి వెళ్తుంది. అసలు తిరగలి అక్కడుంది. పై రాయి, కింద రాయి ఉన్నట్టే గొంతులో పైనా కిందా రెండు ఎముకల పలకలు, వాటి మీద వరసగా పళ్లు. ఆ పలకల మధ్య రాయి పిండి అవుతుంది, లోపల దాక్కున్న సూక్ష్మజీవుల కణాలు చితికి రసం బయటికొస్తుంది. అక్కడినుంచి నేరుగా పేగులోకే. ఈ చేపకి జీర్ణాశయం లేదు! ఆమ్లం ఊరే సంచి ఉన్నా ఇంత సున్నపురాయి మధ్య అది పనిచేయడం కష్టమే. మనం ఎసిడిటీకి వేసుకునే కొన్ని మాత్రల్లో ఉండేది కూడా ఇదే కాల్షియం కార్బొనేట్. చేపకి కావలసిన బియ్యం పిసరంత, మిగతాదంతా ఊక. ఆ ఊకని వెనక తెల్లటి మబ్బులా వదులుతూ వెళ్తుంది. మనం చెప్పులు విప్పి నడిచేది దాని మీదే.

1836లో డార్విన్ హిందూ మహాసముద్రంలోని కీలింగ్ దీవుల్లో ఈ చేపల పేగులు కోసి చూస్తే పసుపుపచ్చని సున్నపు బురద నిండా ఉంది. లెక్క మాత్రం చాలా కాలం తర్వాత తేలింది. మాల్దీవుల్లోని వక్కారు దీవి చుట్టూ ఉన్న దిబ్బని శాస్త్రవేత్త క్రిస్ పెర్రీ బృందం కొలిచి 2015లో ఫలితాలు ప్రకటించింది. బయటి అంచున చదరపు మీటరుకి ఏడాదికి 5.7 కిలోల కొత్త ఇసుక తయారవుతోంది, అందులో 85 శాతానికి పైగా చిలుకచేపలదే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం హాలిమెడా అనే సున్నపు నాచుది. ఒక చిన్న ఇంటి జాగా అంత, వంద చదరపు మీటర్ల దిబ్బ తీసుకోండి. ఏడాదికి అర టన్ను పైనే!

పగడం అనగానే కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఎర్రరాయి గుర్తొస్తుంది చాలామందికి. అది వేరే జాతి, ప్రధానంగా మధ్యధరా సముద్రంలో దొరికేది. కానీ అదీ ఒక చిన్న ప్రాణి కట్టుకున్న సున్నపు గూడే. కుజుడికీ దానికీ ఏ సంబంధమూ లేదు. వేలికున్నది ఒక జంతువు జీవితకాలపు కష్టమని తెలిస్తే ఆ ఉంగరం మీద నాకైతే గౌరవం పెరుగుతుంది.

ఇసుక తయారయ్యాక కూడా స్థిరంగా ఉండదు. హుల్‌హంగు అని అక్కడివాళ్లు పిలిచే నైరుతి రుతుపవనంలో అలలు దాన్ని దీవికి తూర్పు పక్కకి తోస్తాయి. ఇరువయి, అంటే ఈశాన్య గాలుల కాలంలో మళ్లీ పడమటికి. ఏప్రిల్‌లో మీరు కూర్చున్న తీరం నవంబరులో అక్కడ ఉండకపోవచ్చు.

1998లో సముద్రం వేడెక్కి మాల్దీవుల్లో లోతులేని చోట్ల పగడాలు చాలావరకు చచ్చిపోయాయి. చిత్రమేమిటంటే, అలాంటి సమయంలో చిలుకచేపలకి మేత తగ్గదు. చచ్చిన పగడం మీద నాచు పుట్టుకొస్తుంది, తిరగలి తిరుగుతూనే ఉంటుంది. గాదెలో కొత్త ధాన్యం మాత్రం పడదు. పగడం మళ్లీ పెరిగేదాకా చేప పాత దిబ్బనే తింటుంది. అటుపక్క చేపల్నే పట్టేస్తే నాచు దిబ్బంతా కమ్మి, పగడపు పిల్లలు నిలదొక్కుకోవడానికి ఖాళీ రాయి దొరకదు. మధ్య అమెరికాలోని బెలీజ్ దేశం 2009లో చిలుకచేపల వేటని నిషేధించింది ఇందుకే.

ఎప్పుడైనా మాల్దీవులకి వెళ్తే స్నార్కెల్ పెట్టుకుని నీళ్లలో తల ముంచి, కాసేపు కదలకుండా ఉండండి. కరకరమని మరమరాలు నమిలినట్టు చప్పుడు వినిపిస్తుంది. అటు తిరిగితే రాతి మీద కొత్త పంటిగాటు తెల్లగా కనిపిస్తుంది.