ఊదితే తప్పేమిటి?

పిల్లలూ,

మీలో చిన్నది రాసిన ఉత్తరం అందింది. రక్తపరీక్షకు వెళితే నర్సు మోచేతి మడతలో స్పిరిట్ దూదితో తుడిచిందట. త్వరగా ఆరుతుందని మన పిల్ల ఉఫ్‌మని ఊదబోతే, "ఊదకమ్మా, దానంతట అదే ఆరాలి" అని ఆపిందట. "తాతయ్యా, గాలే కదా! ఊదితే తప్పేమిటి?" అని అడిగింది. పెద్దవాళ్లకైనా తట్టని ప్రశ్న ఇది.

ఎంగిలంటే మీకు తెలుసు. నోట్లో పెట్టుకున్న చెంచా మళ్లీ గిన్నెలో ముంచబోతే అమ్మ చెయ్యి పట్టుకుంటుంది. చూడ్డానికి చెంచా శుభ్రంగానే ఉంటుంది, అయినా ఎంగిలే. మన ఒళ్లు మూత పెట్టిన గిన్నె అనుకోండి. చర్మం మూత, సూది చెంచా. మూత మీదున్న క్రిములు చెంచాతోపాటు గిన్నెలోకి దిగకూడదనే ఆ తుడవడం. తుడిచిన చోట ఊదితే నోటి తుంపర్లు పడి మళ్లీ ఎంగిలవుతుంది. నరం ఎక్కడుందోనని వేలితో ఇంకోసారి తడిమినా అంతే, మొదటినుంచి తుడవాల్సిందే.

స్పిరిట్ తగలగానే క్రిములు చచ్చిపోవు, కాసేపు పట్టాలి. 30 సెకన్లు తుడిచి, ఇంకో 30 సెకన్లు ఆరనివ్వమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. తడి మీదే గుచ్చితే మంట కూడా. ఇంకో వింత: అందులో ఆల్కహాలు 70 శాతమే. నూటికి నూరుపాళ్లుంటే ఇంకా బాగా చంపాలి కదా? చంపదు, పని పూర్తికాకముందే ఆవిరైపోతుంది. నీళ్లు కలిస్తేనే దానికి బలం!

నా చిన్నప్పుడు సిరంజి గాజుది. స్టీలు పెట్టెలో నీళ్లు పోసి స్పిరిట్ స్టవ్వు మీద మరగబెట్టేవారు. లోపల గాజు గొట్టాలు ఒకదానికొకటి తగిలి టకటకమనేవి. ఆ చప్పుడుకే నా కళ్లలో నీళ్లు తిరిగేవి. ఒకసారి సూదిమందుకు బారులు తీరి నిలబడ్డాం. నా ముందువాడికి గుచ్చిన సూదినే దూదితో తుడిచి నాకు గుచ్చారు. వాడు నా ప్రాణస్నేహితుడు. ఇద్దరికీ ఒకే సూది అని మురిసిపోయాను కూడా! ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఇక్కడ నా చెంచా పోలిక చాలదు. చెంచా ఎంగిలి కడిగితే పోతుంది. సూది మధ్యలో ఉన్నది సన్నని బెజ్జం. అందులో మిగిలిన రక్తం కంటికి కనపడదు, తుడిస్తే పోదు. రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్-బి వైరస్ ఒంటి బయట కనీసం 7 రోజులు బతకగలదు. అందుకే ఒక మనిషికి ఒక సూది, అదీ ఒక్కసారే.

మన రక్తం తీసే నర్సుకూ భయమే సుమా. వాడిన సూదికి మళ్లీ మూత తొడగబోతే వేలికి గుచ్చుకోవచ్చు. అందుకని మూత తొడగకుండా పక్కనున్న గట్టి పెట్టెలో వేసేస్తారు. చేతి గ్లవ్స్ ఒక్కొక్కరికీ మారుస్తారు, వాటిని తీశాక చేతులూ కడుక్కుంటారు. మీరు ఏడవాలనిపిస్తే ఏడవండి, నేనేమీ అనను. చెయ్యి మాత్రం లాక్కోకండి. లాక్కుంటే ఆ సూది ఎవరికి గుచ్చుకుంటుందో చెప్పలేం.

ఈసారి వెళ్లినప్పుడు సూది పొట్లం మీ ముందే చింపారో లేదో చూడండి. తుడవడం అయ్యాక మనసులో 30 లెక్కపెట్టండి. గుచ్చేటప్పుడు చూడలేకపోతే ఆ పెట్టె వంక చూడండి. ముప్పాతిక వంతు నిండగానే దాన్ని మూసెయ్యాలి, నిండా కుక్కితే సూదులు పైకి పొడుచుకొస్తాయి. మీరు చూసేసరికి ఎంతదాకా నిండిందో నాకు రాయండి.

మీ తాతయ్య