పొడవాటి రాత్రుల పంట

కృష్ణా తీరపు పట్టణాల్లో శీతకాలాన్ని మనం చలితోనే కొలుస్తాం. ఇంటితోట విషయానికి వచ్చేసరికి ఆ కొలత సరిపోదు. డిసెంబరు చివరి వారంలో కూడా విజయవాడ, గుంటూరుల్లో పగటి ఉష్ణోగ్రత దాదాపు 28 నుంచి 30 డిగ్రీల వరకు ఉంటుంది. తెల్లవారుజామున అది 17, 18 డిగ్రీలకు దిగితే చాలు, పెట్టెల్లోని స్వెట్టర్లు బయటికి వస్తాయి. నేల గడ్డకట్టే దేశాల కోసం రాసిన తోటపని సలహాలు, అంటే శీతకాలంలో మడులకు విశ్రాంతినిచ్చి వసంతం కోసం ఎదురుచూడమనేవి, ఇక్కడ చెల్లవు. కొన్ని రోజుల్లో 45 డిగ్రీలను తాకే వేసవిలోనే మన మొక్కలు బతుకు కోసం పెనుగులాడతాయి. కార్తికం నుంచి మాఘం దాకా సాగే ఈ నాలుగు నెలలే మేడమీది కుండీలకు అసలైన సాగుకాలం. ఈ కాలంలో మూడు మార్పులు జరుగుతాయి: సూర్యుడు దక్షిణానికి వాలతాడు, రాత్రి పొడవవుతుంది, రాత్రి చల్లబడుతుంది. ఏ విత్తనం వేయాలి, కుండీని ఎక్కడ పెట్టాలి అన్న ప్రశ్నలకు సమాధానాలు ఈ మూడింటిలోనే ఉన్నాయి.

మొదట ఎండ సంగతి చూద్దాం. విజయవాడ భూమధ్యరేఖకు ఉత్తరంగా సుమారు 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21, 22 తేదీల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉండడు; దక్షిణాకాశంలో దిగంతం నుంచి సుమారు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అందువల్ల మేడమీద దక్షిణపు పిట్టగోడ మూడు అడుగుల ఎత్తుంటే, దాని నీడ మధ్యాహ్నం వేళ కూడా రెండున్నర అడుగుల దాకా పడుతుంది. ఆ గోడను ఆనించి నేలమీద పెట్టిన టమాటా కుండీకి రోజంతా నీడే మిగులుతుంది. మొక్క బలహీనంగా సాగిపోతే చాలామంది ఎరువు తక్కువైందనుకుంటారు, కాని కుండీని మూడడుగులు వెనక్కి జరపడమో ఇటుకల మీదికి ఎత్తడమో చేస్తే చాలును. జూన్‌లో సూర్యుడు మధ్యాహ్నం నడినెత్తికి కొంచెం ఉత్తరంగా నడుస్తాడు కనుక, వేసవిలో ఎండ సోకిన ఉత్తరపు బాల్కనీకి ఈ నెలల్లో నేరుగా ఎండ తగలదు. అపార్టుమెంట్లలో దక్షిణపు బాల్కనీ ఉన్నవారికి ఇది వరం. ఉత్తరపు బాల్కనీ మాత్రమే ఉన్నవారు కాయగూరల ఆశ వదులుకుని, కొంత నీడను ఓర్చుకునే పుదీనా, పొన్నగంటికూర వంటి వాటితో తృప్తి పడటం మంచిది.

రెండోది రాత్రి పొడవు. నాకు అన్నిటికంటే ఆశ్చర్యంగా తోచేది ఇదే. మన అక్షాంశంలో అత్యంత పొడవైన పగటికీ అత్యంత పొట్టి పగటికీ మధ్య తేడా దాదాపు రెండు గంటలు మాత్రమే. మనం పెద్దగా గమనించని ఆ రెండు గంటలనే పాదు చిక్కుడు ఎంతో కచ్చితంగా లెక్క పెట్టుకుంటుంది. పెరటి గోడమీదికో పందిరిమీదికో పాకించే మన పాత చిక్కుడు రకాలు ఆషాఢంలో విత్తినా, శ్రావణంలో విత్తినా, ఆకులూ తీగలూ పెంచుకుంటూ పోతాయే తప్ప పగలు కుదించుకుపోయేదాకా పూతకు రావు. సంక్రాంతి నాటికి గుత్తులు గుత్తులుగా కాసే ఆ కాయలే రథసప్తమినాడు చిక్కుడాకుల మీద చిన్న రథాలుగా మారి సూర్యుడి ముందు నిలుస్తాయి.

ఈ స్వభావాన్ని శాస్త్రీయంగా మొదట వివరించినవారు అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్, అలార్డ్. వారు 1920లో ప్రచురించిన పరిశోధనకు ఆధారమైన మొక్కల్లో ఒకటి పొగాకు కావడం గుంటూరు సీమవారికి ప్రత్యేకంగా ఆసక్తి కలిగించే విషయం. వేసవి పొలంలో మనిషిని మించి ఎదిగినా పూయని ఒక పొగాకు రకాన్ని వారు రోజూ కొన్ని గంటలు చీకటి గదిలో ఉంచి, పగటి కాలాన్ని కృత్రిమంగా తగ్గించి, వేసవిలోనే పూయించారు. తరువాత 1938లో హామ్నర్, బోనర్ అనే ఇద్దరు మన రోడ్ల పక్కన కూడా కనిపించే మరులమాతంగి మొక్క మీద ప్రయోగాలు చేసి, మొక్క నిజానికి కొలిచేది పగటిని కాదనీ, అంతరాయం లేని చీకటిననీ తేల్చారు. పొడవాటి రాత్రి నడుమ కొద్ది నిమిషాలు దీపం వెలిగిస్తే చాలు, ఆ రాత్రి లెక్క చెడిపోతుంది. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణక ప్రోటీను ఎర్రని కాంతి పడినప్పుడు ఒక రూపంలోకి మారి, చీకటిలో నెమ్మదిగా వెనుకటి రూపానికి వస్తుంది; మొక్క తన లోపలి గడియారాన్ని ఈ మార్పుతో సరిచూసుకుని కాలాన్ని గుర్తిస్తుంది.

నగరంలో చిక్కుడు పాదు పెంచేవారికి ఇందులో నేరుగా పనికొచ్చే విషయం ఉంది. రాత్రంతా వెలిగే వీధిదీపం కిందనో, కారిడారు లైటు వెలుగు పడే చోటనో పాకిన తీగ ఏపుగా పెరిగి కూడా పూత ఆలస్యం చేస్తే, కారణం ఆ వెలుతురే కావచ్చు. పాదును ఇంటికి చీకటి ఉన్న వైపు పాకించాలి, లేదా రాత్రి పడుకునే ముందు ఆ లైటు ఆపాలి. అది వీలుపడనివారు పగటి పొడవుతో నిమిత్తం లేకుండా కాసే పొద చిక్కుడు వేసుకోవచ్చు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్కా జయ్, అర్కా విజయ్ అటువంటివే.

ఇదే చీకటి లెక్క గోంగూరకూ వర్తిస్తుంది, కాని ఫలితం మనకు అనుకూలంగా ఉండదు. గోంగూర కూడా పొడవాటి రాత్రులకు పూసే మొక్కే. చిక్కుడులో మనకు కావలసింది కాయ, గోంగూరలో కావలసింది ఆకు. నవంబరులో గోంగూర విత్తితే మొక్క జానెడు ఎదగకముందే మొగ్గ తొడుగుతుంది. గుంటూరు ఇంట గోంగూర లేకుండా ఎలా అనిపించవచ్చు గాని, ఏపైన ఆకు కోసం దానిని వేసవి చివరా వానాకాలంలోనూ వేసుకుని, శీతకాలపు కుండీలను మెంతి, పాలకూర, చుక్కకూర, కొత్తిమీరలకు వదలడమే వివేకం. వానాకాలపు గోంగూర మొక్కలు పూతకు వచ్చి ఉంటే, పూలు రాలాక కాయ చుట్టూ మిగిలే పుల్లని రక్షక పత్రాలను కోసి పచ్చడి చేసుకోవచ్చు.

మూడోది రాత్రి చల్లదనం. మొక్క పగలంతా కిరణజన్య సంయోగక్రియతో చక్కెరలు తయారు చేసుకుంటుంది, రాత్రీ పగలూ శ్వాసక్రియలో వాటిని ఖర్చు పెడుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే ఆ ఖర్చు సుమారు సగానికి పడిపోతుంది. మే నెలలో 28 డిగ్రీల దగ్గర ఆగిపోయే రాత్రితో పోలిస్తే, జనవరిలో 18 డిగ్రీలకు దిగే రాత్రి మొక్కకు ఎంతో మిగులుస్తుంది. ఆ మిగులే దుంపలోకీ కాయలోకీ చేరుతుంది. టమాటా విషయంలో ఈ తేడా మరీ స్పష్టం. పగలు 35 డిగ్రీలు దాటినా, రాత్రులు వేడిగా ఉన్నా టమాటా పుప్పొడి చెడి, పూలు కాయ కట్టకుండా రాలిపోతాయి. పండుకు ఎరుపునిచ్చే లైకోపీన్ కూడా 30 డిగ్రీలు దాటిన వేడిలో సరిగా తయారుకాదు కనుక వేసవి పండు పసుపు కలిసిన నారింజ రంగులోనే ఆగిపోతుంది. సెప్టెంబరు చివర నారు పోసి అక్టోబరులో నాటిన మొక్క డిసెంబరు, జనవరుల్లో ఇచ్చే పండు ఎర్రగా ఉండటానికి కారణం రకం ఒక్కటే కాదు, రుతువు కూడా. కొత్తిమీర వేసవిలో నాలుగు ఆకులు వేయగానే కాడ సాగి పూతకు పోతుంది. ఈ చల్లని రోజుల్లో మాత్రం అది తీరిగ్గా ఆకు పెంచుతుంది. ధనియాన్ని మెల్లగా నలిపి రెండు బద్దలు చేసి చల్లడం పెద్దలు నేర్పిన పద్ధతి. ఒక్కో ధనియంలో రెండు విత్తనాలు ఉంటాయి కనుక అది సరైన పద్ధతే.

మట్టి గురించి ఒక హెచ్చరిక అవసరం. డెల్టా నల్లమట్టి పొలంలో బంగారమే గాని కుండీలో ఇబ్బంది పెడుతుంది. అందులోని బంకమట్టి కణాలు తడిస్తే ఉబ్బి, ఆరితే కుంచించుకుపోయి, వేళ్ల చుట్టూ పగుళ్లు తెస్తాయి. నీరు పోసినప్పుడు త్వరగా దిగదు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమపాళ్లలో కలిపిన మిశ్రమం తేలికగా ఉంటుంది, మేడమీద బరువూ తగ్గుతుంది. ఆవిరయ్యే నీరు తక్కువ కనుక వేసవి అలవాటుతో రోజూ రెండు పూటలా తడపకూడదు. పైమట్టిలో వేలు గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. ఈ కాలంలో చిక్కుడు లేత కొనలకు నల్లని పేనుబంక పట్టడం సర్వసాధారణం. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బు ద్రవం చేర్చి సాయంత్రం పూట చల్లితే అదుపులోకి వస్తుంది.

ఇక వంటింటి విషయం. కోసిన ఆకుకూరలో విటమిన్ సి గంటగంటకూ తగ్గుతుంది. రైతుబజారు నుంచి తెచ్చి రెండు రోజులు ఉంచిన కట్టకూ, పొయ్యి మీద పప్పు ఉడుకుతుండగా మేడమీదికి వెళ్లి తుంచుకొచ్చిన గుప్పెడు మెంతికూరకూ మధ్య అసలు తేడా అక్కడే ఉంది. ఆకుకూర పప్పు మన ప్రాంతపు వంటల్లో శాస్త్రానికి ఎంతో దగ్గరగా ఉన్న వంటకమని నేను నమ్ముతాను. కందిపప్పు పూర్తిగా మెత్తబడ్డాకే చుక్కకూరగాని చింతపండుగాని వేయాలన్న నియమం ఉత్త ఆచారం కాదు. పప్పు గింజ కణాలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ ఆమ్లంలో కరగకుండా బిగుసుకుంటుంది కనుక, పులుపు ముందే పడితే పప్పు ఎంతసేపటికీ ఉడకదు. బోరు నీటిలో పప్పు ఉడకడం ఆలస్యం కావడానికీ దగ్గరి కారణమే ఉంది: ఆ నీటిలోని కాల్షియం, మెగ్నీషియం అదే పెక్టిన్‌ను గట్టిపరుస్తాయి.

ఆకుకూరల్లోని ఇనుము మన పేగులు సులభంగా పీల్చుకోలేని రూపంలో ఉంటుంది. అదే భోజనంలో విటమిన్ సి ఉంటే ఆ రూపం మారి ఎక్కువగా ఒంటబడుతుంది. పప్పు దించాక చల్లారుతుండగా పిండే నిమ్మరసం, కార్తికంలో మొదలై శీతకాలమంతా దొరికే ఉసిరికాయ పచ్చడి ఈ పని చేస్తాయి. భోజనం అవగానే తాగే టీ, కాఫీ దీనికి అడ్డు తగులుతాయి కనుక వాటికి ఒక గంట విరామం ఇవ్వాలి. ఆకుల్లోని కెరోటిన్‌లు కొవ్వులో కరిగేవి, కాబట్టి నూనెతోనో నేతితోనో పెట్టే తాలింపును పూర్తిగా మానేయడం ఆరోగ్యం అనిపించుకోదు. పాలకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీలో రాళ్లు వచ్చినవారు వైద్యుని సలహాతో వీటిని మితంగా తినాలి. మిగిలినవారికి ఆ కూరతోపాటు పెరుగన్నం తినడం మేలు, ఎందుకంటే పెరుగులోని కాల్షియం పేగుల్లోనే ఆక్సలేటుతో కలిసి అది రక్తంలోకి చేరడాన్ని తగ్గిస్తుంది.

చిక్కుడుకాయలను ఈనెలు తీసి, తుంచి, ఆవిరి మీద మెత్తబడేదాకా ఉడికించి, అల్లం పచ్చిమిర్చి ముద్దతో తాలింపు వేసే కూర ఈ నెలల్లో వారానికి రెండుసార్లు వండినా విసుగు రాదు. ముదురు గింజలను మాత్రం పచ్చిగా తినకూడదు. ప్రోటీన్ల అరుగుదలను అడ్డుకునే పదార్థాలు వాటిలో ఉంటాయి, బాగా ఉడికితే అవి చాలావరకు పనిచేయకుండా పోతాయి. కారం తగ్గించదలచినవారు పచ్చిమిర్చి గింజల కంటే ముందు గింజలు అంటుకుని ఉండే తెల్లని పొరను తీయాలి, కారాన్నిచ్చే కాప్సైసిన్ తయారయ్యేది అక్కడే. సంక్రాంతి దాటాక దుగ్గిరాల చుట్టుపక్కల పసుపు తవ్వకాలు సాగే రోజుల్లో పచ్చి పసుపు కొమ్ము దొరికితే తురిమి మిరియాలతో కలిపి వాడుకోవచ్చు. పసుపులోని కర్క్యుమిన్ ఒంటికి చాలా తక్కువగా పడుతుందనీ, మిరియాల్లోని పైపరిన్ దానిని ఎన్నో రెట్లు పెంచుతుందనీ బెంగళూరు పరిశోధకులు 1998లో చూపించారు.

ఫిబ్రవరిలో ఎండ ముదిరేకొద్దీ ఆకుకూరలు పూతకు పోతాయి, టమాటా పూత రాలడం మొదలవుతుంది. ఆ సమయానికి చిక్కుడు పాదు మీద ఆరోగ్యంగా కనిపించే గుత్తులను రెండు మూడు కోయకుండా వదిలి, తొక్క గోధుమరంగుకు తిరిగి లోపల గింజలు గలగలలాడేదాకా ఉంచాలి. చిక్కుడు ఎక్కువగా స్వపరాగ సంపర్కంతోనే గింజ కడుతుంది కనుక ఆ గింజలు చాలావరకు తల్లి పాదు గుణాలతోనే మొలుస్తాయి. వాటిని నీడలో ఆరబెట్టి, పంటితో కొరికితే గాటు పడనంత గట్టిపడ్డాక గాలి చొరని సీసాలో పోసి చల్లని చోట దాస్తే, ఆషాఢంలో తొలి వాన కురిశాక మళ్లీ విత్తుకోవచ్చు.