అంబాసిడర్‌కు కాంటెస్సా గేర్‌బాక్స్: అపోహలు - వాస్తవాలు

పాత అంబాసిడర్‌ను బాగుచేయించడానికి వచ్చేవాళ్లలో చాలామంది అడిగేది ఒకటే. "కాంటెస్సా ఐదు గేర్ల బాక్స్ దొరికింది, ఎక్కించేద్దామా అన్నా?" ఆటోనగర్‌లో ఇన్నేళ్లుగా ఈ ప్రశ్నకు నా జవాబు మారలేదు: ముందు ఆ బాక్స్ చూపించండి, డబ్బు తర్వాత ఇద్దురుగాని.

అపోహ: రెండూ ఒకే కంపెనీ బళ్లు, కాబట్టి కూర్చుంటుంది.

అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చింది. 1984లో వచ్చిన కాంటెస్సాకు మూలం వాక్స్‌హాల్ విక్టర్. తొలి కాంటెస్సాల్లో అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజనే ఉండేది. జనం కోరే ఐదు గేర్ల బాక్స్ మాత్రం ఆ తర్వాత 1817 సీసీ ఇసుజు ఇంజన్‌తో వచ్చిన కాంటెస్సా క్లాసిక్‌ది. బీఎంసీ ఇంజన్ వెనక దాని బోల్టు రంధ్రాలు కలవవు. రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటు చేయించాలి, లేదా ఇంజన్‌తో సహా మార్చాలి. 1990ల్లో ఈ ఇసుజు ఇంజన్‌తో 1800 ఐఎస్‌జెడ్ అంబాసిడర్ తెచ్చినప్పుడు కంపెనీ కూడా ఇంజన్‌నూ బాక్స్‌నూ జతగానే ఎక్కించింది.

అపోహ: బెల్ హౌసింగ్ (ఇంజన్‌కు ఆనే బాక్స్ ముందు డొప్ప) ఆనితే పని అయిపోయినట్టే.

నన్ను ముంచింది ఇదే. కొత్తలో ఓ బండికి అడాప్టర్ ప్లేటు వేసి బాక్స్ ఎక్కించాను. చివర్లో నాలుగైదు మిల్లీమీటర్ల సందు మిగిలింది. దుమ్మో, పెయింటో అడ్డుపడి ఉంటుందనుకుని బోల్టులు బిగించి దగ్గరకు లాగేశాను. నిజానికి ఇన్‌పుట్ షాఫ్ట్ (బాక్స్ నుంచి ఇంజన్ వైపు వెళ్లే ఇరుసు) పొడవు ఎక్కువై, దాని కొన వెళ్లి క్రాంక్‌ను, అంటే ఇంజన్ ప్రధాన ఇరుసును, నొక్కుతోంది. వారం తిరక్కుండానే క్రాంక్ ముందుకూ వెనక్కూ జరగకుండా ఆపే థ్రస్ట్ వాషర్లు అరిగిపోయాయి. ఇంజన్ మళ్లీ విప్పాను, ఖర్చంతా నాదే. బాక్స్ చేతి బలంతో జారి కూర్చోవాలి, బోల్టుతో లాగకూడదు. షాఫ్ట్ పొడవు, పైలట్ బుష్ (క్రాంక్ చివర షాఫ్ట్ కొన కూర్చునే బుష్) సైజు, క్లచ్ ప్లేటు పళ్ల లెక్క, ఈ మూడూ బల్ల మీదే సరిచూసుకోవాలి. ఆ తర్వాత వెనక మౌంటింగ్, వెనక ఇరుసుకు తిరుగుడు అందించే ప్రొపెల్లర్ షాఫ్ట్ పొడవు, స్పీడోమీటర్ కేబుల్ గేరు. ప్రొపెల్లర్ కోయిస్తే బ్యాలెన్సింగ్ తప్పనిసరి.

విదేశాల్లో ఉన్న మనవాళ్లు అడిగే ఇంకో మాట: "ఎంజీబీ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారుది కూడా బీఎంసీ బీ-సిరీసే కదా, దాని బాక్స్ పంపనా?" పేరు ఒకటే, కానీ ఆ ఇంజన్ పెరుగుతూ పోయింది. 1964లో ఎంజీబీ క్రాంక్ మూడు బేరింగుల నుంచి అయిదుకు మారింది. 1967 చివర్లో అన్ని గేర్లకూ సింక్రో (గేరు గర్రుమనకుండా పళ్ల వేగాలు కలిపే ఏర్పాటు) ఉన్న బాక్స్ వచ్చింది, దానితో ఇంజన్ వెనక ప్లేటూ మారింది. ఏ ఏడాదిదో తెలియకుండా పార్శిల్ ఖర్చు పెట్టకండి.

అపోహ: గేరు పడట్లేదంటే బాక్స్ పోయినట్టే.

స్టీరింగ్ కింద గేరు ఉన్న బళ్లలో చాలాసార్లు పోయేది బాక్స్ కాదు. లివర్ నుంచి బాక్స్ దాకా వెళ్లే రాడ్ల బుష్‌లు అరిగి, లివర్ ఊగుతుంటుంది. బుష్‌లు మార్చి రాడ్లు సెట్ చేస్తే చాలు. ఇక బండి కదులుతుండగా ఫస్ట్ గేరు వేస్తే గర్రుమంటుందా? అది జబ్బు కాదు. పాత బాక్స్‌లో ఫస్ట్‌కు సింక్రో లేదు. ఆగి వేయండి, లేదా డబుల్ క్లచ్ (గేరు మార్చేటప్పుడు క్లచ్ రెండుసార్లు తొక్కడం) నేర్చుకోండి. మోత తగ్గుతుందని చిక్కటి జీఎల్-5 రకం గేర్ ఆయిల్ పోసేవాళ్లున్నారు. అది వెనక ఇరుసు మధ్యలోని డిఫరెన్షియల్‌కు సరే గానీ, ఇత్తడి సింక్రో రింగులకు పడకపోవచ్చు.

అపోహ: ఐదో గేరు ఉంటే మైలేజీ పెరుగుతుంది.

హైవే మీద ఇంజన్ తిరుగుడు తగ్గి కొంత నయం. ఊళ్లో తేడా ఏమీ ఉండదు. పైగా వెనక క్రౌన్-పినియన్ (డిఫరెన్షియల్‌లోని పళ్లచక్రాల జత) లెక్క కుదరాలి. న్యూట్రల్‌లో ఉంచి, నేల మీది చక్రానికి చెక్క అడ్డుపెట్టి, రెండో వెనక చక్రాన్ని జాకీ మీద లేపండి. దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పి, ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. అదే మీ రేషియో. తెలియకుండా బాక్స్ మారిస్తే ఐదో గేరులో చిన్న ఫ్లైఓవర్ కూడా ఎక్కదు.

కాగితాల సంగతి. ఆర్‌సీలో ఇంజన్, ఛాసిస్ నంబర్లు ఉంటాయి, గేర్‌బాక్స్ నంబరు ఉండదు. అందుకే బాక్స్ ఒక్కటే మారిస్తే ఆ నంబర్లతో పేచీ లేదు, ఇంజన్ మారిస్తే ఆర్టీఓ అనుమతి కావాలి. పాత బళ్లను వింటేజ్‌గా నమోదు చేసే 2021 నియమాల్లో బండికి 50 ఏళ్లు దాటాలి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫ్లోర్ లివర్ కోసం టన్నెల్ (గేర్‌బాక్స్ మీద ఉబ్బెత్తుగా ఉండే నేల రేకు) కోస్తే బాడీ షెల్ మీద చెయ్యి వేసినట్టే. వింటేజ్‌గా నమోదు చేయించాలనుకునే బండికి నేను టన్నెల్ కోయను. పాత బాక్స్‌నే విప్పి, బేరింగులు, సింక్రో రింగులు మార్చి మళ్లీ ఎక్కిస్తాను.