ఆకలి లేని చేపకు ఎర

ఐర్లండ్ పడమటి తీరంలో కిలరీ హార్బర్ అని ఒక చోటుంది. అక్కడ సముద్రం కొండల మధ్యకు పదహారు కిలోమీటర్ల దాకా చొచ్చుకొచ్చింది. దాని కొసన ఎరిఫ్ అనే చిన్న నది ఆస్లీ జలపాతం దూకి ఉప్పునీళ్ళలో కలుస్తుంది. జలపాతమన్నానని జోగ్‌ని ఊహించుకోకండి, తాటిచెట్టులో సగం కూడా ఉండదు. జూలైలో ఇక్కడికి సెలవులకొచ్చే గాలపురాయుళ్ళు ఎండ కాస్తే మొహాలు వేలాడేసుకుంటారు. వాళ్ళకు కావాల్సింది వాన.

ఈ తీరంలో నదులు పొట్టివి. కొండమీద వాన పడితే గంటల్లో పొంగుతాయి, ఒకటి రెండు రోజుల్లో తీసేస్తాయి. గ్రీన్‌లాండ్, ఫారో దీవుల వైపు సముద్రంలో మేసి తిరిగొచ్చిన సాల్మన్ చేపలు ఆ పొంగు కోసమే నదీముఖం దగ్గర కాచుకుంటాయి. గోదారి జిల్లాలవాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు, ఎర్రనీరు తగిలితే పులస ఎదురెక్కడం చూసినవాళ్ళే కదా. ఇక్కడి వరదనీరు మాత్రం పీట్ నేలల్లో (నాచూ మొక్కలూ సగం కుళ్ళి పేరుకున్న నల్లటి నేలలు) ఊరి అచ్చం కాఫీ డికాక్షన్ రంగులో ఉంటుంది. అన్ని నదుల్లోంచి తాను పుట్టిన నదినే సాల్మన్ వాసనతో పోల్చుకుంటుంది. చిన్నప్పుడు సముద్రానికి దిగివెళ్ళే రోజుల్లోనే ఆ వాసన మెదడులో అచ్చుపడుతుంది.

అసలు విడ్డూరం నది ఎక్కాక మొదలవుతుంది. సాల్మన్ తిండి మానేస్తుంది. పొట్ట, పేగులు ముడుచుకుపోతాయి. చలికాలంలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టేదాకా ఒంట్లో దాచుకున్న కొవ్వు మీదే బతకాలి. వసంతంలోనే ఎక్కిన చేపకైతే అది నెలల తరబడి ఉపవాసం. అలాంటి చేపకు ఎర చూపించి లాభమేంటి?

అయినా పట్టుకుంటుంది. ఎందుకో శాస్త్రవేత్తలు ఒక్కమాట మీద లేరు. తన చోటులోకి వచ్చిందని కోపమంటారు కొందరు. నాకు నచ్చింది అలవాటు వాదం. పిల్లచేపగా ఇదే నదిలో రాయి చాటున పొంచి, కొట్టుకొచ్చిన ప్రతి పురుగునూ కొరికి పెరిగిన ప్రాణి అది. తర్వాత సముద్రంలోనూ కదిలేదాని వెంటపడే బతికింది. ఆకలి ఆరిపోయినా నోటికి ఆ వాటం పోలేదన్నమాట. కొత్తగా ఎక్కిన చేపే ఎరకు బాగా పడుతుందనీ, మడుగులో వారాలు గడిపింది పట్టించుకోదనీ గాలం వేసేవాళ్ళు చెప్పే మాట కూడా దీనికి సరిపోతుంది.

ఆ ఎర పేరు ఫ్లై. ఈగ అని అర్థమేగానీ, సాల్మన్ ఫ్లై ఏ ఈగనూ పోలి ఉండదు. గాలపు ముల్లుకు ఈకలు, వెంట్రుకలు, తళుకుతీగ చుట్టి కడతారు. విక్టోరియా రాణి కాలపు ఫ్లైలలో మన దక్షిణాది అడవికోడి మెడ ఈక ఉండేది. ఈక కొసన లక్క పూసినట్టు మెరిసే చుక్క, అచ్చం చేపకన్ను. దానికోసం మన అడవుల్లో కోళ్ళను పట్టి ఈకలు ఓడలకెక్కించేవారు. ఆ ఎగుమతిని తర్వాత మనదేశం నిషేధించింది. ఇప్పుడు విదేశాల్లోనే పెంచిన కోళ్ళ ఈకలు వాడుతున్నారు.

మామూలు గాలానికి సీసపు గుండు కడితే అదే తాడును లాక్కెళుతుంది. ఫ్లైకి బరువే లేదు, అందుకని బరువంతా తాడులోనే ఉంచారు. కర్రను వెనక్కి ఊపి, తాడు గాలిలో పూర్తిగా చాచుకునేదాకా ఆగి, ముందుకు విసరాలి. తాడు మెలికలా దొర్లుకుంటూ పోతుంది. దొర్లేకొద్దీ కదిలే భాగం తగ్గి, ఉన్న శక్తి ఆ కాస్త బరువులోకే చేరి వేగం తగ్గకుండా ఉంటుంది. చర్నాకోల ఛెళ్ళుమనేదీ ఇలాగే. నేను ఆ 'ఆగడం' మర్చిపోయాను, ఫ్లై వచ్చి నా టోపీ వెనక దిగింది. పక్కనున్న గిల్లీ మారుమాట్లాడకుండా ఊడదీశాడు. (గిల్లీ అంటే అక్కడ గాలం వేసేవాళ్ళకు తోడుండే మనిషి. మన గిల్లీదండతో చుట్టరికం లేదు.)

నీళ్ళలో థర్మామీటరు ముంచి చూడనిదే ఆయన రోజు మొదలెట్టడు. పది డిగ్రీల దగ్గర లీటరు నీటిలో 11 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజన్ కరుగుతుంది, ఇరవై దగ్గర తొమ్మిదే. గాలానికి పెనుగులాడి అలిసిన చేపకు ఆ తేడా ప్రాణాంతకం. అందుకే నీరు 20 డిగ్రీలు దాటితే వదిలేద్దామన్న ఉద్దేశంతో కూడా పట్టొద్దంటారు. అట్లాంటిక్ సాల్మన్ తగ్గిపోతోంది. 2023 డిసెంబరులో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని 'ముప్పుకు చేరువలో ఉన్న' జాతుల్లో చేర్చింది. ఎరిఫ్‌లో ఎక్కే ప్రతి చేపకూ లెక్క కావాలనేది ఇందుకే.

ఆ రాత్రి వాన పడింది. పొద్దున అవతలి ఒడ్డు ఆవిడ గాలానికి వెండిబిళ్ళలా ఒకటి పడింది. వలతో ఎత్తితే తోక దగ్గర గోధుమరంగు పేలు, ఒక్కోదాని వెనక రెండేసి పొడవాటి దారాలు. అవి గుడ్ల దండలు. సముద్రపు పేలు మంచినీళ్ళలో కొన్ని రోజులకే రాలిపోతాయి, దారాలు ఇంకా ముందే ఊడతాయి. అంటే ఈ చేప నిన్నో ఇవాళో ఉప్పునీరు వదిలింది. ఆవిడ దాన్ని నీళ్ళలోనే ఉంచి, తల ప్రవాహానికి ఎదురుగా తిప్పి, రెండు చేతులతో మెల్లగా పట్టుకుంది. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక నిమిషం. ఒక్కసారి తోక జాడించి ఆవిడ మొహమంతా తడిపేసి వెళ్ళిపోయింది.