'అమాన్యుయెన్సిస్' అనే మాట: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో చూపు లేని విద్యార్థుల పరీక్షలకు నేను 11 ఏళ్లుగా స్క్రైబ్‌గా, అంటే వాళ్లు చెప్పిన జవాబులు రాసిపెట్టే మనిషిగా, కూర్చుంటున్నాను. అనుమతి పత్రంలో ఒక్కోసారి 'స్క్రైబ్' అనే మాటకు బదులు 'అమాన్యుయెన్సిస్' అని ఉంటుంది. మద్దిలపాలెంలోని ఒక కేంద్రంలో ఇన్విజిలేటరు గారు దాన్ని రెండుసార్లు చదువుకొని, "ఇదేం పదవమ్మా?" అని అడిగారు. ఆ మాట చుట్టూ అల్లుకున్న అపోహలను విడదీసి చెప్పాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను.

అపోహ: మొదట్లో ఉన్నది వ్యతిరేకార్థాన్నిచ్చే 'అ', ఇది 'అమానుషం', 'అమాన్యం' వంటి మాటలకు చుట్టం.

వాస్తవం: మన చెవికి అలా తోచడం సహజమే గాని, ఇది లాటిన్ మాట. 'మనుస్' అంటే చేయి. మాన్యువల్, మాన్యుస్క్రిప్ట్ అనేవీ అక్కడినుంచి వచ్చినవే. ముందున్న 'ఆ' మన విభక్తి ప్రత్యయం చేసే పని చేస్తుంది. రోమన్ల కొలువులో ఎవరు ఏ పని చూస్తారో దానితోనే చెప్పేవారు: లెక్కలు చూసేవాడు 'ఆ రాటియోనిబుస్', ఉత్తరాలు చూసేవాడు 'అబ్ ఎపిస్టులిస్', చేతిరాత పని చూసే బానిస 'ఆ మాను'. దీనికి 'చెందిన' అనే అర్థమిచ్చే 'ఎన్సిస్' చేరగా మన మాట తయారైంది. రోమన్ చరిత్రకారుడు స్యూటోనియస్‌లో రెండు రూపాలూ కనిపిస్తాయి. సీజరు బానిస ఫిలెమోన్‌ను ఆయన 'ఆ మాను' అన్నాడు. టైటస్ చక్రవర్తి సంక్షిప్త లిపిలో తన లేఖకులతో సరదాగా పోటీపడేవాడని చెప్పిన చోట మాత్రం 'అమాన్యుయెన్సిస్' అనే వాడాడు. ఇంగ్లీషులోకి ఇది 17వ శతాబ్దపు తొలినాళ్లలో చేరింది.

అపోహ: తెలుగులో దీనికి సాటి మాట లేదు.

వాస్తవం: 'వ్రాయు' నుంచి పుట్టిన వ్రాయసం, వ్రాయసకాడు నిఘంటువుల్లో ఉన్నాయి. అదే 'రాయసం'గా మారి విజయనగర కొలువులో హోదా అయింది. కృష్ణదేవరాయల కాలపు రాయసం కొండమరుసయ్య పేరులో ఉన్నది అదే. నేడది ఇంటిపేరుగా మిగిలింది. లాటిన్ మాటలో దాగిన చేయి మన 'చేవ్రాలు'లోనూ ఉంది. మహారాణిపేట కలెక్టరేటు దగ్గర సోమవారం అర్జీలు రాసిపెట్టేవారిని మనం 'రైటరు' అనడమే తప్ప వ్రాయసకాడు అని పిలవకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఇక 'కరణం' అనేది కరం, అంటే చేయి, నుంచి వచ్చిందనడం సరికాదు. రెండూ 'కృ' ధాతువు నుంచి పుట్టిన తోబుట్టువులు.

అపోహ: పేరులోనే చేయి ఉంది కాబట్టి ఈ పనికి చేయి ఒక్కటే చాలు.

వాస్తవం: అభ్యర్థి ఆలోచన అభ్యర్థిదే, దానికి నేను ఒక్క మాట కూడా చేర్చకూడదు, కానీ ఆ మాట చెడకుండా కాగితం మీదికి రావాలంటే చెవికి ఎంతో శ్రద్ధ కావాలి. ఒక డిగ్రీ విద్యార్థిని తెలుగు సాహిత్యం పరీక్షలో 'ప్రబంధ ప్రభవం' అని చెప్పగా నేను 'ప్రభావం' అని రాసేశాను. పేరా చివర చదివి వినిపించినప్పుడు ఆమె ఆపి, "ప్రభవం అక్కా, పుట్టుక. దీర్ఘం తీసేయండి" అంది. ఆ ఒక్క దీర్ఘంతో సమాధానం దారి తప్పేది. అందుకే ప్రతి పేరా ఆమెకు తిరిగి చదివి వినిపించాను. కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇస్తారు. ఆ రోజు అందులో చాలా భాగం ఈ చదివి వినిపించడానికే సరిపోయింది.